ఆరో జట్టు

ఈ ఏడు లీగు దరఖాస్తు జూలై మొదటివారంలోనే వచ్చింది. మునిసిపల్ గ్రౌండును సీజను మొత్తం వాడుకోవాలంటే ప్రతి ఏడూ మా ఆఫీసులో లీగును కొత్తగా నమోదు చేయించుకోవాలి. జట్ల పేర్లు, ఆడేవాళ్ల జాబితాలు, కావలసిన రోజులు, వేళలు అన్నీ సరిగ్గా ఉన్నాయి. చివర 'బాధ్యత వహించు వ్యక్తి' అన్న గడి దగ్గరకు వచ్చేసరికి నా పెన్ను ఆగింది. పదకొండేళ్లుగా ఆ గడిలో చూస్తున్న పేరు కాదది.

"ఏంటమ్మా, ఈసారి నీ పేరు రాశావు?" అన్నాను.

ఎదురుగా నిలబడ్డ సుజాత ఇప్పుడు ఒక హైస్కూల్లో వ్యాయామం నేర్పుతుంది. నాకు తెలిసేనాటికి పదో తరగతి పిల్ల.

"టీచరు గారు పోయారండి. ఏప్రిల్లో. గుడివాడలో వాళ్ల చెల్లెలు గారింట్లో. ఆఫీసు నంబరుకు చేశానండి, రెండు మూడుసార్లు. ఎవరూ ఎత్తలేదు."

ఆ దరఖాస్తు మీద నేను వెంటనే సంతకం చేయలేకపోయాను. రేపు రమ్మన్నాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎంతమందినో రేపు రమ్మన్నాను గాని, నిజంగా కారణం ఉండి రమ్మనడం అదే మొదలు.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. మా ఊళ్లో ఆవిడను పేరుతో పిలిచిన వాళ్లెవరూ లేరు. బాలికల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేరిన రోజు నుంచి, రిటైరయ్యాక కూడా, అందరికీ టీచరు గారే. పేపరువాళ్లు ఫొటో తీస్తామంటే పిల్లల్ని ముందుకు తోసి తాను ఫ్రేములోంచి తప్పుకునేవారు. "నా మొహం ఊరందరికీ తెలుసు. వీళ్ల మొహాలు తెలియాలి" అనేవారు. కాబట్టి ఆవిడ పద్ధతినే నేనూ పాటిస్తాను.

పదకొండేళ్ల కిందట నేను జూనియర్ అసిస్టెంటుగా కొత్తగా చేరాను. ప్రొబేషను ఇంకా పూర్తి కాలేదు. కొత్తవాడికి ఎవరూ కోరుకోని సీటు ఇస్తారు కదా, అలా నాకు కల్యాణ మండపం, గ్రౌండు బుకింగుల సీటు దక్కింది. మిగతావాళ్లు జాలిపడ్డారు గాని నాకు మాత్రం లాటరీ తగిలినట్టే అనిపించింది. మా క్రికెట్ జట్టు రోజూ సాయంత్రం ఆడేది ఆ గ్రౌండులోనే. నేను వికెట్ కీపర్ని. మా కెప్టెన్ శేషు, చిన్నప్పటి నుంచి స్నేహితుడు, నా సీటు సంగతి విని భుజం తట్టాడు. "ఇంక గ్రౌండు మన చేతిలోనే ఉందిరా" అన్నాడు.

సరిగ్గా వారానికి ఆవిడ వచ్చారు.

పొట్టి మనిషి. ముతక నూలు చీర, దాని కింద తెల్లటి క్యాన్వాస్ బూట్లు. నడిచి వస్తూ ఉంటే పెదవులు కదులుతున్నాయి. చర్చికి వెళ్లే మనిషని తెలుసు గనక ప్రార్థన చేసుకుంటున్నారేమో అనుకున్నాను. కాదు, అడుగులు లెక్కపెడుతున్నారు.

"మీ గేటు నుంచి నీ టేబులుకు నలభై ఆరు" అన్నారు, నమస్కారం కూడా పెట్టకుండా. "ఏ దూరమైనా నా కాలికి తెలియాలి నాయనా. కంటిని నమ్మను. కన్ను ఆశపోతుది, దగ్గర చేసి చూపిస్తుంది."

చేతిసంచీ లోంచి అర్జీ తీశారు. రెండు కాపీలు, మధ్యలో కార్బను కాగితం ఇంకా తీయలేదు. ఒకటి నాకిచ్చి రెండోది టేబులు మీద పరిచారు. "దీని మీద స్టాంపు వెయ్యి. తేదీ కూడా రాయి."

ఆడపిల్లల కబడ్డీకి గ్రౌండు కావాలని అర్జీ. వారానికి మూడు రోజులు, సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర. బడి ఆవరణలో కొత్త గదులు కట్టారు. మంచి గదులే గాని కబడ్డీ కోర్టు వాటి కింద పోయింది. పిల్లలు కాలవ గట్టు మీద, లారీలు పోయే దారి పక్కన ఆడుతున్నారు. మోచేతులు చెక్కుకుపోతున్నాయి. వాళ్లలో సుజాత అనే పిల్ల ఉంది, మొవ్వ దగ్గర కౌలు రైతు కూతురు. స్పోర్ట్స్ హాస్టలు సెలెక్షన్లు జనవరిలో. అందులో రాకపోతే పిల్లకు చదువు మాన్పించి కుట్టు మిషను మీద కూర్చోబెడతానని తండ్రి తేల్చి చెప్పాడు.

ఇదంతా ఆవిడ నాకు నిలబడే చెప్పారు. వేడుకోవడం లేదు. పిల్లలకు ఆట నియమాలు చెప్పినట్టు ఒక్కో ముక్కా విడదీసి చెప్పారు.

"చూస్తానండి. రేపు రండి" అన్నాను.

రేపు వచ్చారు. లీగుగా నమోదైతేనే సీజను మొత్తానికి గ్రౌండు ఇస్తామన్నాను. మర్నాడు నమోదుకు కావలసిన ఫారాలు రాసి పట్టుకొచ్చారు. లీగంటే కనీసం ఆరు జట్లు ఉండాలన్నాను. అది నిజంగా రూలే. ఆవిడ దగ్గర ఐదు జట్లున్నాయి. మా ఊరి బడి, మొవ్వ, బందరులో ఒక కాలేజీ హాస్టలు, గుడివాడ, అవనిగడ్డ.

"ఆరోది తెస్తాను. ఈలోపు ఈ కాగితాలు కమిషనర్ గారి దగ్గర పెట్టు. ఐదు జట్ల వివరాలు చూసి ఉంచితే ఆరోది వచ్చిన రోజే అయిపోతుంది" అన్నారు.

ఆ సాయంత్రం గ్రౌండులో శేషుకు చెప్పాను. వాడి మొహం మాడిపోయింది. "వారానికి మూడు రోజులు పోతే మనం టోర్నమెంటుకు ఎప్పుడు తయారవుతాంరా? నువ్వు సీట్లో ఉండి కూడా ఇదా?"

నేను ఆవిడ ఫైలును కమిషనర్ గారికి పెట్టలేదు. బీరువా అడుగు అరలో, ఇంటి పన్నుల పాత రిజిస్టర్ల కింద పెట్టాను. చించలేదు, పారేయలేదు. కింద పెట్టానంతే. అలా అనుకుని నిద్రపోగలిగాను కూడా. ఆవిడ వచ్చినప్పుడల్లా "పైన ఉందండి, రాలేదండి" అనేవాణ్ణి. రెండు నెలలు గడిచాయి. వానలు పడి వెలిశాయి.

ఒక మధ్యాహ్నం కమిషనర్ గారు పిలుస్తున్నారని కబురొచ్చింది. వెళ్లేసరికి ఆయన బల్ల ముందు ఆవిడ. బల్ల మీద కార్బను కాపీ, దాని మీద నా స్టాంపు, నా చేతిరాతతో తేదీ. కమిషనర్ గారు కొత్తగా వచ్చిన మనిషి, కోపం త్వరగా వచ్చేది.

"ఈ ఫైలెక్కడ?" అన్నారు.

"చూస్తాను సార్."

"చూడ్డం కాదు. పద, నేనూ వస్తాను."

ముగ్గురం నా సీటు దగ్గరికి వచ్చాం. బీరువా తెరిచాను. పైన అరలు వెతికినట్టు నటించాను. ఆవిడ ఒక్క నిమిషం చూసి వంగి అడుగు అరలోంచి రిజిస్టర్లు పక్కకు జరిపారు. ఫైలు కనిపించింది. దాని మీద దుమ్ము ఒక పొర.

అది తీసి, కమిషనర్ గారు చూడకుండా చీర కొంగుతో ఒక తుడుపు తుడిచారు. తర్వాత లేచి నిలబడ్డారు.

"దొరికిందండీ. తప్పు నాదే. ఆరో జట్టు వచ్చేదాకా పంపొద్దని నేనే ఈ అబ్బాయికి చెప్పి మర్చిపోయాను. పెద్దదాన్నయ్యాను చూశారా."

కమిషనర్ గారు నావైపు, ఆవిడవైపు చూశారు. నమ్మారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. "త్వరగా కానివ్వండి" అని వెళ్లిపోయారు.

వరండా చివరిదాకా ఆవిడ వెనక నడిచాను. మెట్ల దగ్గర ఆగారు.

"నిన్ను కాపాడానని అనుకోకు నాయనా. నువ్వు సస్పెండైతే ఆ సీట్లోకి ఇంకొకడు వస్తాడు, వాడికి మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. నాకంత టైము లేదు." చేతిసంచీ సర్దుకున్నారు. "నీకు బండి ఉందిగా?"

"ఉందండి."

"ఆదివారం పదకొండింటికి చర్చి దగ్గరికి రా. ఆరో జట్టును వెతకాలి."

అలా ఆ ఏడు దసరా ముందు నుంచి ఆదివారాలన్నీ ఆవిడతో తిరిగాను. తెల్ల చీర, క్యాన్వాస్ బూట్లు, ఒళ్లో చేతిసంచీ, అందులో ఫారాలు, స్టాంపు ప్యాడు, వేయించిన వేరుశనక్కాయలు. బండి మీద ఒక పక్కకు కూర్చుని దారి పొడుగునా నాకు డ్రిల్లు చేయించేవారు. స్పీడు బ్రేకరు కనిపించగానే "లేచాం" అనేవారు. దాటగానే "కూర్చున్నాం." నేను పొరపాటున నెమ్మది చేయకపోతే "తప్పు, మళ్లీ చెయ్యి" అనేవారు. నిజంగానే వెనక్కి తిప్పించి మళ్లీ దాటించిన రోజొకటి ఉంది, పామిడిముక్కల దగ్గర. దారినపోయే ట్రాక్టరువాడు ఆపి చూశాడు.

పామిడిముక్కలలో హెడ్మాస్టరు గారు పరీక్షలన్నారు. దివిసీమలో ఒక ఊళ్లో ఏడుగురు పిల్లలు సిద్ధమయ్యారు గాని ఎనిమిదో రోజుకు ముగ్గురి ఇళ్లలో వద్దన్నారు. ఇంకో ఊళ్లో ఒక పెద్దాయన వరి చేలో నిలబడే మాట్లాడారు. "ఆడపిల్లలు తొడ కొడుతూ దూకడం ఏంటండీ?" అన్నారు. ఆవిడ ఆయన మోకాళ్ల దాకా ఉన్న బురద వైపు చూశారు. "ఊడుపుకు వంగేటప్పుడు మీ చేలో ఉండేదంతా ఆడవాళ్లేగా. అప్పుడు అడగలేదేం?" అన్నారు. ఆయన నవ్వారు గాని పిల్లను పంపలేదు.

తిరుగుదారిలో ఆవిడ ఎప్పుడూ నిరాశగా మాట్లాడేవారు కాదు. పర్సులోంచి చిన్న నోట్సు తీసి ఆ ఊరి పేరు ఎదురుగా "వచ్చే ఏడు" అని రాసుకునేవారు. కొట్టివేత ఒక్కటీ లేదు ఆ నోట్సులో. అన్నీ వచ్చే ఏళ్లే.

నేను మాత్రం లోపల కుంగిపోయాను. రెండు నెలలు నేను తొక్కిపట్టకపోతే వానలు వెలిసేలోపే ఆరో జట్టు దొరికేది. ఇప్పుడు నవంబరు వచ్చేసింది. సుజాత గట్టు మీదే ఆడుతోంది. ఒకరోజు ఆ మాట ఆవిడతో అనేశాను. "నా వల్లే కదండీ" అన్నాను.

"నీ వల్లే" అన్నారు. కొంచెం కూడా మెత్తబరచలేదు. "అందుకే నీ బండి ఎక్కాను. ముందు చూసి నడుపు."

గిలకలదిండికి వెళ్లింది జట్టు కోసం కాదు. మా బడి జట్టులో ఒక పిల్ల నాలుగు రోజులుగా రావడం లేదు, వాళ్లమ్మ హార్బరులో పనిచేస్తుంది, కనుక్కుందామని వెళ్లాం. పొద్దున్నే బోట్లు వచ్చాయి. చేపల వేలంపాట సగంలో ఉంది. కేకలు, ఐసు ముక్కల చప్పుడు, కాళ్ల కింద నీళ్లు. ఆవిడ క్యాన్వాస్ బూట్లు తడిసిపోయాయి. ఆ పిల్లకు జ్వరమని, తగ్గుతోందని తెలిసింది. ఇక వెనక్కి తిరగాలి.

ఆవిడ కదల్లేదు. ఐసు మర దగ్గర చూస్తున్నారు. నడివయసులో ఉన్న ఒకావిడ నెత్తిన ఐసు బుట్టతో తడి సిమెంటు మీద పరుగులాంటి నడకతో వెళ్తోంది. ఎదురుగా తోపుడు బండి వచ్చింది. ఆ మనిషి బుట్ట కదలకుండా, ఒక్క అడుగు పక్కకు వేసి, నడుం తిప్పి తప్పుకుని వెళ్లిపోయింది.

"ఆ కాళ్లు చూడు" అన్నారు నాతో గుసగుసగా. "నేను ముప్పై ఏళ్లు నేర్పినా రాని అడుగది."

బుట్ట దించి వచ్చేదాకా ఆగి దగ్గరికి వెళ్లారు. ఆమె పేరు వెంకటలక్ష్మి.

"ఏమ్మా, కబడ్డీ ఆడతావా?"

"ఏంటండీ?"

"చెడుగుడు."

వెంకటలక్ష్మి నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వింది. పక్కన వలలు బాగుచేస్తున్న వాళ్లు తలెత్తారు. "చెడుగుడా! చిన్నప్పుడు ఇసకలో ఆడేవాళ్లమండీ. మగపిల్లల్ని కూడా పడేసేదాన్ని. ఇప్పుడేంటండీ, ముప్పై ఎనిమిదేళ్లు నాకు. కూతురికి పెళ్లి చేశాను."

"మోకాళ్లు నొప్పులా?"

"లేవండీ."

"ఊపిరి ఆడుతుందా, మెట్లెక్కితే?"

"బుట్టతోనే ఎక్కుతానండీ."

ఆవిడ నావైపు తిరిగారు. "నాయనా, ఫారంలో వయసు గడి ఉందా?"

ఉంది. కాని పైవయసు ఇంత అని రూల్లో ఎక్కడా లేదు. ఆ రూళ్లు అప్పటికి నాకు నోటికి వచ్చు, వాటిని అడ్డం పెట్టడానికే నేర్చుకున్నాను. "వయసు రాయాలండీ, అంతే. ఇంత దాటకూడదని లేదు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

గంటలో పదిమంది పోగయ్యారు. కొందరు నవ్వులకు వచ్చారు, కొందరు నిజంగానే వచ్చారు. బోట్లు వచ్చే రోజుల్లో రాలేమన్నారు. ఆ రోజుల్లో వాళ్ల మ్యాచులు పెట్టనని ఆవిడ మాటిచ్చి నోట్సులో రాసుకున్నారు. చీరలు విప్పి నిక్కర్లు వేసుకోమంటే ప్రాణం పోయినా వేసుకోం అన్నారు. అయితే చీరే గోచీ పెట్టి బిగించి కట్టుకోండన్నారు ఆవిడ. వాళ్ల మొగుళ్లు ఏమంటారోనని ఒకామె అంటే వెంకటలక్ష్మి, "ఏమంటారు? పొద్దున్నుంచీ మనం ఇక్కడ దూకడం చూడట్లేదా?" అంది.

"జట్టు పేరేం రాయమంటారు?" అని ఆవిడ అడిగారు.

"పేరెందుకండీ?"

"గడి ఖాళీగా ఉంటే ఇదిగో, ఇతను వెనక్కి పంపేస్తాడు."

అందరూ నావైపు చూశారు. తల వంచుకున్నాను. వాళ్లలో వాళ్లు మాట్లాడుకుని, గంగమ్మ తల్లి పేరు పెట్టమన్నారు. అప్పుడే చర్చి నుంచి వచ్చిన టీచరు గారు, తెల్ల చీర అంచు చేపల నీళ్లలో తడుస్తుండగా, ఐసు పెట్టె మీద కాగితం పెట్టి 'గంగమ్మ జట్టు, గిలకలదిండి' అని గుండ్రంగా రాశారు. చదవడం రాని వాళ్లు వేలిముద్ర వేశారు. ఒకామె వేలిముద్ర పక్కన చేప పొలుసు అంటుకుపోయింది. ఆ కాగితం ఇప్పటికీ మా రికార్డు గదిలో ఉంది.

సోమవారం ఫైలు నేనే స్వయంగా పట్టుకుని కమిషనర్ గారి గదికి వెళ్లాను. మంగళవారానికి లీగు నమోదైంది. కబడ్డీకి సోమ, బుధ, శుక్రవారాలు, క్రికెట్‌కు మిగతావి అని ఉత్తర్వు టైపు చేసింది కూడా నేనే. ఆ సాయంత్రం శేషు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత చాలాకాలం మాట్లాడలేదు. జట్టులో నా స్థానంలో ఇంకొకణ్ణి పెట్టుకున్నారు. బాధ అనిపించింది. లేదని ఎందుకు చెప్పాలి?

"ఖాళీ అయ్యావుగా, స్కోరు పుస్తకం పట్టుకో" అన్నారు ఆవిడ.

గ్రౌండులో మాకు దక్కింది దక్షిణపు మూల. మా నల్లరేగడి సంగతి తెలిసిందే, వాన నీళ్లు నిలిచాయంటే పక్షం రోజులు పాదం ఊడిరాదు. ఆవిడ గుడివాడలో తన పాత విద్యార్థిని వాళ్ల రైసు మిల్లు నుంచి మూడు ట్రాక్టర్ల ఊక తెప్పించి పరిపించారు. దాని మీద మట్టి తోలించి తొక్కించారు. తర్వాత బూట్లు బిగించుకుని కోర్టు కొలిచారు. పొడుగు పన్నెండు మీటర్లు, వెడల్పు ఎనిమిది. అడుగులతోనే. నేను టేపు పెట్టి చూస్తే పొడుగులో నాలుగంగుళాలు తేడా వచ్చింది.

"నాలుగంగుళాలు తక్కువండీ."

ఆవిడ టేపు వైపు అనుమానంగా చూశారు. "ఎన్నేళ్లది అది? సాగింది" అన్నారు. కాసేపటికి నేను చూడటం లేదనుకుని గీతను నాలుగంగుళాలు జరిపారు.

మొదటి రెండు మ్యాచులూ గంగమ్మ జట్టు చిత్తుగా ఓడిపోయింది. కొత్త నియమాలు వాళ్లకు తెలియవు, గీత దాటి అవుటయ్యేవారు, పట్టుకున్న పిల్ల ఏడిస్తే జాలిపడి వదిలేసేవారు. "వదలకూడదమ్మా!" అని ఆవిడ గీత బయట నుంచి అరిచేవారు. "ఎవరి కూతురో కదండీ" అనేది వెంకటలక్ష్మి.

మూడో మ్యాచు మా బడి జట్టుతో. అప్పటికి సుజాతను పట్టుకున్న వాళ్లు లీగులోనే లేరు. కూత పెట్టి వెళ్లిందంటే ఇద్దర్ని తాకి గాని తిరిగి రాదు. చివరి నిమిషాల్లో కూడా అలాగే వెళ్లింది. వెంకటలక్ష్మి మూలన కదలకుండా నిలబడి ఉంది, ఆటలోనే లేనట్టు. సుజాత కాలు చాపింది. ఆ మనిషి ఎప్పుడు కిందికి వంగిందో నేను చూడలేదు, చీలమండ దగ్గర రెండు చేతులూ బిగిశాయి. సుజాత గుంజుకుంది, ఈడ్చింది, గీత మీదకు చేయి చాచింది. జానెడు దూరంలో ఊపిరి ఆగిపోయింది.

అవతల రోడ్డు మీద బళ్లు ఆపుకుని చూస్తున్న వాళ్లలో శేషు కూడా ఉన్నాడు. ఈల వేసింది వాడే.

సుజాత లేవకుండా మట్టిలో మొహం పెట్టుకుని ఏడ్చింది. సెలెక్షన్లకు ఆరు వారాలుంది. తనను ఒక ఐసు బుట్టలు మోసే ఆవిడ పట్టేసింది, ఇంక అక్కడ ఏం ఆడతాననుకుందో. టీచరు గారు వెళ్లి పక్కన నిలబడ్డారు. ఎత్తలేదు, నిమరలేదు.

"ఏడుపు తర్వాత. ముందు ఆవిడకు చేయి ఇవ్వు."

సుజాత లేచి చేయి ఇచ్చింది. వెంకటలక్ష్మి ఆ చేయి వదల్లేదు. "కాలు చాపేముందు నువ్వు నా కాళ్ల వైపు చూస్తున్నావమ్మాయ్. అందుకే తెలిసిపోయింది. మొహం వైపు చూడు" అంది. ఆ తర్వాత ఆరు వారాలు, బోట్లు లేని ప్రతి సాయంత్రమూ, ఆమె షేర్ ఆటోలో వచ్చి సుజాతకు పట్టు ఎలా పడుతుందో, ఎలా విడిపించుకోవాలో చూపించింది. జనవరిలో సుజాత సెలెక్టయింది. ఆ సాయంత్రం తండ్రి మొవ్వ నుంచి సైకిలు మీద గ్రౌండుకు వచ్చి, ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక, మొదట నాకు పెట్టాడు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఆవిడ అతన్ని భుజాలు పట్టుకుని వెంకటలక్ష్మి వైపు తిప్పారు.

తర్వాత ఏళ్లలో ఆ నోట్సులోని "వచ్చే ఏడు" ఊళ్లు ఒక్కొక్కటే వచ్చాయి. పామిడిముక్కల వచ్చింది. దివిసీమ నుంచి రెండు జట్లు వచ్చాయి. నాకు పెళ్లయింది, ప్రమోషను వచ్చింది. బుకింగులన్నీ ఆన్‌లైనులోకి మారాయి. ఆవిడ మాత్రం ఫారం నింపాక రెండు ప్రింట్లు తీయించుకుని వచ్చి ఒకదాని మీద నా చేత స్టాంపు వేయించుకునేవారు. "కంప్యూటరులో ఉందండీ" అంటే, "ఉండనీ" అనేవారు.

నాకు బాగా గుర్తుండిపోయింది కిందటి ఏడాది సంగతి. మా క్రికెట్ జట్టువాళ్లు అదనంగా వాడుకునే ప్రైవేటు స్థలంలో ఇళ్లు లేచాయి. టోర్నమెంటు దగ్గర పడింది. రెండు నెలలపాటు బుధవారాలు వదులుకోమని అడగడానికి శేషు నన్ను వెంటబెట్టుకుని ఆవిడ దగ్గరికి వచ్చాడు. మోకాళ్లు మొరాయించడంతో ఆవిడ అప్పటికి గ్రౌండులో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటున్నారు.

విని, "సరే, తీసుకో" అన్నారు. ఇంత సులువుగా అంటారని శేషు అనుకోలేదు. వాడు దణ్ణం పెట్టబోయాడు. "ఆగు. బుధవారం ఇచ్చినందుకు నాకొక జట్టు కావాలి. మీ పన్నెండు మంది ఇళ్లలో ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారు?"

శేషు నవ్వేశాడు. "మా ఇళ్లలో వాళ్లు ఆడరండీ."

"అడిగావా?"

వాడు నావైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను.

"అడిగి రా. అడగకుండా చెప్పింది నేను రాసుకోను."

ఆ సాయంత్రం ఇంటికెళ్లి ఈ సంగతి నా భార్య పద్మకు నవ్వుతాలుగా చెప్పాను. తను చిక్కుడుకాయలు ఒలుస్తోంది. తలెత్తకుండానే, "నా పేరు రాయించండి" అంది.

"నువ్వా?"

"తొమ్మిదో తరగతి దాకా బడి జట్టులో ఉన్నాను. మండలం పోటీల్లో కప్పు కూడా వచ్చింది. తర్వాత మాన్పించారు."

"ఎప్పుడూ చెప్పలేదే?"

"మీరెప్పుడు అడిగారు?"

పదేళ్లుగా ఆడవాళ్ల కబడ్డీకి స్కోరు రాస్తున్న మనిషిని. ఏ సాయంత్రమూ తనను గ్రౌండుకు రమ్మని కూడా పిలవలేదు.

పదిహేను రోజుల్లో పదకొండు పేర్లు వచ్చాయి. శేషు భార్య, చెల్లెలు, ఇంకా వాళ్ల వీధిలో ఎవరెవరో. లీగులో పదకొండో జట్టది. మొదటి మ్యాచు గంగమ్మ జట్టుతోనే పడింది. నా టేబులు గీతకు మూడు గజాల్లో ఉంది. వెనక కుర్చీలో టీచరు గారు, ఆ పక్కన క్రికెట్ బ్యాట్లు పట్టుకునే మా వాళ్లంతా.

పద్మ కూతకు వెళ్లింది. ముప్పై నాలుగేళ్ల మనిషి, నాతో మార్కెట్‌కు వస్తే నా వెనకే నడిచే మనిషి, గీత ముట్టుకుని కళ్లకద్దుకుని అవతలికి అడుగుపెట్టింది. "కబడ్డీ కబడ్డీ" అని ఆ గొంతు మొదట సన్నగా లేచి తర్వాత గ్రౌండంతా వినిపించింది. తన గొంతు అంత దూరం వెళ్తుందని నాకు తెలియదు. ఎడమకు ఊగి, ఆగి, కుడికి తిరిగి ఒకరిని తాకింది. ఇద్దరు మీదకు దూకారు. వాళ్ల చేతుల కిందుగా వంగి, కాలితో ఇంకొకరిని తాకి, మట్టి రేపుకుంటూ గీత మీద పడింది. లేచి జుట్టు ముడేసుకుంటూ నావైపు కాదు, తన జట్టు వైపు చూసి తొడ కొట్టింది.

శేషు వాళ్లు అరుస్తున్నారు. నేను లేచి నిలబడ్డానన్న సంగతి కూడా నాకు తెలియదు. వెనక నుంచి భుజం మీద ఒక వేలు తగిలింది.

"నాయనా, చూసింది చాలు. రెండు పాయింట్లు. రాయి" అన్నారు టీచరు గారు.

కూర్చుని రాశాను.